తాతయ్యను బ్లాక్ చేయలేం

2011 జూన్ 24న న్యూయార్క్ రాష్ట్రం స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించింది. ఆ వెంటనే మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరంలో జానిస్ డేనియల్స్ అనే మహిళ ఫేస్‌బుక్‌లో ఒక్క వాక్యం రాశారు. ఇక తన ‘ఐ లవ్ న్యూయార్క్’ సంచి పారేస్తానని. స్వలింగ సంపర్కులను కించపరిచే మాట వాడి మరీ రాశారు. అప్పటికి ఆమెకు ఏ పదవీ లేదు. అదే ఏడాది నవంబరులో ట్రాయ్ మేయరుగా గెలిచారు. డిసెంబరులో ఆ పాత వాక్యం బయటపడింది.

దాన్ని చదివినవాళ్ళలో ట్రాయ్ హైస్కూలు పిల్లలూ ఉన్నారు. నగర కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా మైకు ముందుకొచ్చి, ఎదురుగా వేదిక మీద కూర్చున్న మేయరుకే తన మాట చెప్పొచ్చు. పెద్దవాళ్ళతోపాటు విద్యార్థులూ వచ్చారు. హాలు కిక్కిరిసింది. ఓటు హక్కైనా లేని వయసువాళ్ళు, తమలాంటివాళ్ళ గురించి అంత మాట ఎలా అన్నారని సూటిగా అడిగారు. వాడిన మాట సరికాదని డేనియల్స్ ఒప్పుకున్నా వివాదం చల్లారలేదు. కేంద్ర నిధులతో కట్టాల్సిన రవాణా కేంద్రాన్ని ఆమె వ్యతిరేకించడమూ తోడైంది. 2012 నవంబరు 6న, ఒబామా రెండోసారి గెలిచిన రోజునే, ట్రాయ్ ఓటర్లు ఆమెను పదవి నుంచి వెనక్కి పిలిచారు. తేడా నాలుగైదు శాతమే. అంటే ఊళ్ళో దాదాపు సగం మంది ఆమె వైపే ఉన్నారన్నమాట. ఆ పిల్లలు మాట్లాడింది అలాంటి ఊళ్ళో.

తెలుగువాళ్ళకు ట్రాయ్ కొత్త పేరు కాదు. డెట్రాయిట్ శివారు, కార్ల కంపెనీల ఇంజినీర్ల నెలవు, భారతీయ టెంపుల్ ఉన్న ఊరు. 2020 లెక్కల్లో జనాభా 87,294, అందులో నాలుగో వంతుకు పైగా ఆసియా మూలాలవాళ్ళు. మంచి బడులని మనవాళ్ళు ఏరికోరి ఇళ్ళు కొనుక్కుంటారు. ఆ బడుల్లో మన పిల్లలు మైనారిటీలు. వాళ్ళలో స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్ళు ఆ మైనారిటీలోనూ మైనారిటీ. ఈ రెండో సంగతి మనం ఇంట్లో ఎత్తం.

పిల్లల ఫోన్ల గురించి మాత్రం తెగ మాట్లాడతాం. భయం అర్థంలేనిది కాదు. అమెరికా అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023 మేలో ఇచ్చిన హెచ్చరిక ప్రకారం 13 నుంచి 17 ఏళ్ళవారిలో 95 శాతం దాకా సోషల్ మీడియా వాడుతున్నారు. రోజుకు మూడు గంటలు దాటితే కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపు. కౌమారంలో ఉన్నవారిలో 64 శాతం మందికి ద్వేషపూరిత రాతలు తరచుగానో అప్పుడప్పుడో ఎదురవుతున్నాయి. అదే పత్రంలో ఇంకో మాటా ఉంది: శ్వేతేతర అమ్మాయిల్లో పదిమందికి ఏడుగురు తమ జాతి గురించి మంచి మాటలూ అక్కడే చూస్తున్నారు. తనలాంటివాళ్ళు బడిలో ఒక్కరూ కనిపించని పిల్లకు ఆ తెర ఊపిరాడే కిటికీ. దాన్ని మూసేస్తే సరిపోతుందనడం నాకు సబబుగా తోచదు.

నీనా దావులూరి సంగతే చూడండి. విజయవాడ మూలాలున్న కుటుంబం. ఇదే మిషిగన్‌లో, సరస్సు ఒడ్డున ఉన్న సెయింట్ జోసెఫ్‌లో హైస్కూలు చదివింది. 2013 సెప్టెంబరు 15 రాత్రి మిస్ అమెరికా కిరీటం పెట్టించుకున్న తొలి భారత సంతతి అమ్మాయి. నిమిషాల్లో ట్విటర్ నిండా బూతులు. అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు. ఇటు మన దేశంలో మరో చర్చ లేచింది: ఈ రంగుతో ఇక్కడ గెలిచేదా అని. అక్కడివాళ్ళకు ఆమె పరాయిది, ఇక్కడివాళ్ళకు చామనఛాయది. ఆమె తర్వాత వర్ణవివక్ష మీదే గళమెత్తింది, డాక్యుమెంటరీ తీసింది.

ట్రాయ్‌లో నాకు తెలిసిన తెలుగమ్మాయి ఒకతి పదో తరగతి చదువుతోంది. కూచిపూడి నేర్చుకుంటూ, ఆ వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. 2024 డిసెంబరులో హెచ్1బీ వీసాల గొడవ రేగి భారతీయుల మీద తిట్లు వెల్లువెత్తినప్పుడు తన వీడియోల కిందా చెత్త రాశారట. “అమ్మేమో కామెంట్లు చదవకు అంటుంది. చదవకపోతే అవి లేకుండా పోతాయా పిన్నీ?” అంది. వేలితో తెర పైకి తోస్తూ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు తెరిచింది. నల్లజాతివాళ్ళ మీద జోకు, దాని కింద ఆరు నవ్వు బొమ్మలు. ఓ కులాన్ని వెక్కిరించే మీమ్. పెళ్ళికూతురు ‘కాస్త రంగు తక్కువ’ అన్న వ్యాఖ్య. అన్నీ నమస్కారాల, శుభోదయాల నడుమే. “బయటోళ్ళని బ్లాక్ చేసేస్తా. తాతయ్యని ఎలా చేయను?”

ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. ఆ పిల్ల ప్రాణస్నేహితురాలు నల్లజాతి అమ్మాయి. వాళ్ళ ఊరికి అరగంట దూరంలోని డెట్రాయిట్‌లో అత్యధికులు నల్లజాతివాళ్ళే. తాతయ్య చెడ్డవాడు కాదు, మనవరాలి నాట్యం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. మనవాళ్ళ మధ్యే కదా అనుకుంటాడు. డేనియల్స్ ఫేస్‌బుక్‌లో రాసిందీ అలాంటి ధైర్యంతోనే అయ్యుంటుంది. ‘మనవాళ్ళ’లో ఆ మాట తగిలే బిడ్డ కూడా ఉండొచ్చన్న ఊహ ఇద్దరికీ రాలేదు.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు వారి ఖాతాలు మూయిస్తోంది. మన దగ్గరా అలాంటి చట్టం కావాలంటున్నారు. కంపెనీల మెడలు వంచాల్సిందే, కాదనను. కానీ ట్రాయ్‌లో ఆ వాక్యం రాసింది పెద్దావిడే. నీనాను తిట్టినవాళ్ళందరూ పిల్లలు కారు. గ్రూపులో జోకులు పంపేవాళ్ళకు మనవలున్నారు. ఏ వయోపరిమితీ వీళ్ళను ఆపదు.

ఆ అమ్మాయి చివరికి గ్రూపులో తెలుగులోనే, తప్పుల తడకగానే రాసింది: “తాతయ్యా, ఇది నా ఫ్రెండ్ చూస్తే ఏడుస్తుంది.” రెండు రోజులు ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఓ మేనత్త మాత్రం తల్లికి ఫోన్ చేసి, పిల్లకు పెద్దాచిన్నా తెలియడం లేదని కోప్పడింది. తాతయ్య ఏమీ అనలేదు. ఆ జోకు తీసేశాడు.

వారాంతాల్లో తెలుగు క్లాసులకు పిల్లల్ని దింపి, గంటా గంటన్నర కార్లలో ఫోన్లు చూసుకుంటూ కూర్చునే తల్లిదండ్రులను అమెరికాలో ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు. తెలుగు సంఘాలు ఆ గంటలో వాళ్ళను లోపలికి పిలిచి ఈ విషయమే మాట్లాడించాలి. సెలవులకు వచ్చిన అమ్మమ్మలనూ తాతయ్యలనూ కూడా. చెప్పేది నిపుణులే కానక్కర్లేదు, పక్క గదిలోని పదో తరగతి పిల్లలకు చెప్పడానికి చాలానే ఉంది.