ఉరి తప్పితే శిక్ష తప్పినట్టేనా?

2019 జూన్‌లో వరంగల్‌లో తొమ్మిది నెలల పసిపాపపై అత్యాచారం చేసి చంపేశాడో దుర్మార్గుడు. రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టులో అక్కడి కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఇలాంటి తీర్పు వచ్చినప్పుడల్లా ‘బతికిపోయాడు’ అంటాం. కానీ ఆ తీర్పు ప్రకారం అతను తుదిశ్వాస దాకా జైల్లోనే ఉండాలి.

సెషన్స్ జడ్జి ఉరి వేస్తే సరిపోదు, హైకోర్టు ఖరారు చేయాలి. దోషి అప్పీలుకు వెళ్లకపోయినా ఫైలు అక్కడికి వెళ్లాల్సిందే. ఇద్దరు జడ్జీలు సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటినుంచీ చూస్తారు. ఆ తర్వాత సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం. అక్కడ ఓడినా, 2014 తీర్పు పుణ్యమా అని రివ్యూ పిటిషన్‌పై బహిరంగంగా వాదనలు వినాలి.

‘యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లేగా’ అనే మాట మన దగ్గర మహా మొండిది. పద్నాలుగేళ్లు నిండితే విడుదల కోరవచ్చేమో గానీ, అది హక్కు కాదు. అయినా జడ్జీలనూ ఈ సంశయం వెంటాడింది: ఉరి మరీ ఎక్కువ, పద్నాలుగేళ్లు మరీ తక్కువ అనిపిస్తే ఏం చేయాలి? బెంగళూరులో భార్యను చంపి ఇంటి ఆవరణలోనే పాతిపెట్టిన స్వామి శ్రద్ధానంద కేసులో 2008లో సుప్రీంకోర్టు దారి వెతికింది. ఉరి తీసేసి, బతికున్నన్నాళ్లూ విడుదల లేని జైలు వేసింది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం ఆ దారినే సమర్థించింది. ఇప్పుడు పై కోర్టులు ఉరిని తగ్గించి ఇరవై అయిదేళ్లో, ముప్పై ఏళ్లో, జీవితాంతమో అని రాస్తున్నది ఆ బలంతోనే. దీన్ని దయ అనడానికి నాకు నోరు రాదు.

అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరంతో పాటు మనిషినీ చూడమంది. అంతకు ముందే, 1974లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన, ఉరిశిక్ష పడిన ఓ యువతి కేసులో అదే కోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసు, మామ వెళ్లగొట్టిన తీరు, చిన్న కొడుకు, రెండేళ్లకు పైగా ఉరి భయంతో గడిపిన బతుకు లెక్కలోకి తీసుకుని శిక్ష తగ్గించారు. ఇంత జరిగినా కింది కోర్టుల్లో దోషి అని తేల్చిన రోజో, మర్నాడో శిక్ష పడిపోతున్న కేసులు ఎన్నో. ఆ మనిషి ఎలా పెరిగాడు, మతిస్థిమితం ఉందా, జైల్లో నడత ఎలా ఉందన్నవి విచారణ నుంచే సేకరించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 చివరికి దేశంలో 561 మంది ఉరిశిక్ష ఖైదీలున్నారు.

తొందరపాటు కింది కోర్టులకే పరిమితం కాదు. మహారాష్ట్ర కేసు ఒకదానిలో 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికి ఉరి ఖాయం చేసింది. పదేళ్ల తర్వాత అదే కోర్టు ఆరుగురూ నిర్దోషులని తేల్చి, తలా అయిదు లక్షల పరిహారం ఇమ్మంది. అప్పటికి వాళ్లు పదహారేళ్లు జైల్లో ఉన్నారు.