చెత్తకుప్ప మీద వెలసిన అడవిబడి

ముంబయిలో ధారావి పక్కన, మీఠీ నది ఒడ్డున ఉన్న మహారాష్ట్ర నేచర్ పార్కు సుమారు 37 ఎకరాల చిట్టడవి. ఇది తనంతట తాను పెరిగిన అడవి కాదు. 1970ల వరకు ఇక్కడ నగరపు చెత్తను పోసేవారు. అది నిలిచిన తరువాత క్రమంగా మొక్కలు నాటారు. ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1983లో ఇక్కడ మొక్క నాటారు. 1994లో ఉద్యానం ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

పర్యావరణ విద్యను ఆరుబయట అందించడం దీని ముఖ్యోద్దేశాలలో ఒకటి. చెట్ల కింద రాలిన ఆకులను కదిపి చూస్తే వానపాములు, చెదలు, శిలీంధ్రాలు ఆకును మట్టిగా మార్చే తీరు పిల్లలకు ప్రత్యక్షంగా తెలుస్తుంది. అదే మట్టిలో ప్లాస్టిక్ సంచి మాత్రం ఏళ్ల తరబడి కుళ్లదు. ఇంటి వద్ద తడి చెత్తను, పొడి చెత్తను ఎందుకు వేరుచేయాలో దీనివల్ల సులభంగా బోధపడుతుంది.

నది నేర్పే పాఠం మరింత గంభీరమైనది. విహార్, పొవాయి చెరువుల మిగులు నీటితో మొదలయ్యే మీఠీ సుమారు 18 కిలోమీటర్లు ప్రవహించి మాహిం వద్ద సముద్రంలో కలుస్తుంది. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసినప్పుడు ఈ నది పొంగి పరిసర బస్తీలను ముంచెత్తింది. కాలువలు పూడిపోయినా, గట్లు ఆక్రమణకు గురైనా వరదనీటికి దారి ఉండదు. తీరంలోని మడచెట్లు తమ వేళ్లతో ఒండ్రును పట్టి ఉంచి, అలల తాకిడిని తగ్గిస్తాయి, చేపపిల్లలకు ఆశ్రయమిస్తాయి.

కామాఠీపురాకు ఆ పేరు తెలుగునేల నుండి వచ్చిన కామాఠీ శ్రామికుల వల్ల ఏర్పడింది. వారి వలె ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో నేటి పిల్లలు చెట్ల పేర్లను బడిలో మరాఠీలో నేర్చుకొంటున్నారు. కరంజ్ అంటే కానుగ, పళస్ అంటే మోదుగ, ఉంబర్ అంటే మేడి, కడులింబ్ అంటే వేప అని చెప్పగలిగినవారు ఇంటి పెద్దలే. కనుక పిల్లలతో పాటు అవ్వాతాతలను కూడా తీసుకొని వెళ్లడం మేలు. పెద్దలు చెప్పకపోతే ఆ పేర్లు, వాటితోపాటు ఆ చెట్ల ఉపయోగాల ఎరుక ఒక తరంలోనే కనుమరుగవుతాయి.

వానలు వెనుకపట్టిన తరువాత ఉదయపు వేళ సీతాకోకచిలుకలను చూడటానికి అనువైన సమయం. పూలు, ఆకులు తెంపరాదు. ప్లాస్టిక్ వస్తువులను అక్కడ వదలరాదు. చెత్త నుండి వెలసిన అడవిని తిరిగి చెత్తపాలు కానీయకుండా కాపాడటం పౌరులందరి బాధ్యత.