పనిభారంపై ఫిర్యాదులు – పరిష్కార విధానం

పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న సంస్థల్లో తరచు వినిపించే ఫిర్యాదులు మూడు: పనిగంటలు మించిపోతున్నాయి, సెలవు దొరకడం లేదు, పని పంపకంలో పక్షపాతం ఉంది. “అందరికీ ఉన్న కష్టమే కదా, సర్దుకుపో” అనడం వీటికి సమాధానం కాదు. పర్యవేక్షకుడు ముందుగా ఫిర్యాదును పూర్తిగా విని రాసుకోవాలి. తర్వాత హాజరు పట్టీ, షిఫ్టు పట్టిక, సెలవుల రిజిస్టరు పరిశీలించాలి.

ఉదాహరణకు, ఒక నూలు మిల్లు కార్మికురాలు 8 గంటల షిఫ్టు తర్వాత రోజూ గంటసేపు ఆగవలసి వస్తోందని చెప్పిందనుకుందాం. ఆరు రోజులకు 54 గంటలవుతుంది. 1948 నాటి కర్మాగారాల చట్టం వయోజన కార్మికులకు వారానికి 48 గంటల పరిమితిని, అదనపు పనికి రెట్టింపు వేతనాన్ని నిర్దేశించింది. కాబట్టి ఇది ఓర్పుకు కాదు, హక్కుకు సంబంధించిన విషయం. రిజిస్టరులో ఆ గంట కనిపించనంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం కాదు. నమోదు పద్ధతిని కూడా పరిశీలించాలి.

2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్య, కార్మిక ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉంటారు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో విచారణ ముగించాలి. కోరిన పరిష్కారం సాధ్యం కానప్పుడు కూడా కారణం తెలపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రిజిస్టరులో ఆధారం దొరకని ఫిర్యాదును వెంటనే ఎందుకు కొట్టివేయకూడదు?