నియంత్రణ ఫలకాల కీళ్ళ బిగింపు

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రేడియో నియంత్రిత నమూనా విమానంలో కీలుపై పడే భారాన్ని వివరించగలుగుతారు.
• కీళ్ళలోని ముఖ్య రకాలను, వాటికి తగిన జిగురును గుర్తించగలుగుతారు.
• కీలును అమర్చి, అది గట్టిగా నిలిచిందో లేదో పరీక్షించగలుగుతారు.

5.1 పరిచయం

గత భాగంలో సర్వో మోటారు, పుష్‌రాడ్, హార్న్‌ల అమరికను తెలుసుకున్నారు. ట్రాన్స్‌మిటర్ మీద మీట కదిపితే సర్వో తిరుగుతుంది, పుష్‌రాడ్ కదులుతుంది, నియంత్రణ ఫలకం పైకో కిందికో వంగుతుంది. ఆ ఫలకాన్ని రెక్కకు గాని తోకకు గాని కలిపి ఉంచేది కీలు. తలుపుకు మడతబందు ఎలాంటిదో, ఎలివేటర్, ఐలెరాన్, రడ్డర్‌లకు కీలు అలాంటిది. మొత్తం విమానంలో అతి చౌకగా దొరికే వస్తువుల్లో ఇదొకటి. కానీ ఇది ఊడితే మిగిలినవన్నీ సక్రమంగా పనిచేసినా ప్రయోజనం ఉండదు.

మూడు ఫలకాల్లో ఎలివేటర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రడ్డర్ పనిచేయకపోతే ఐలెరాన్లతో విమానాన్ని మళ్ళించవచ్చు. ఎలివేటర్ ఊడిపోతే ముక్కును పైకెత్తడానికి దానికి సాటివచ్చే సాధనం మరొకటి లేదు. 2 కిలోల విమానం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. దాని గతిశక్తి ½ × 2 × 25² = 625 జౌళ్ళు. 2 కిలోల రాయిని సుమారు 32 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు పదంతస్తుల మేడ పైనుంచి, జారవిడిస్తే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి ఇదే. కనుక కీలు బిగింపును విమానం అందానికి సంబంధించిన పనిగా కాక, మైదానంలో నిలబడినవారి భద్రతకు సంబంధించిన పనిగా చూడాలి.

5.2 కీలుపై పడే భారం

కీలుకు రెండు విరుద్ధమైన బాధ్యతలు ఉన్నాయి. ఒకటి, ఫలకం తేలికగా తిరగాలి. రెండు, ఫలకం ఊడి రాకూడదు. జిగురు ఎక్కువైతే మొదటిది చెడుతుంది, తక్కువైతే రెండోది చెడుతుంది.

గాలి ఒత్తిడి ఒక్కటే భారం కాదు. ఇంజను ప్రకంపనలు ఉంటాయి. అంతకన్నా ప్రమాదకరమైనది ఫ్లట్టర్, అంటే గాలి ప్రవాహం నుంచి శక్తిని గ్రహించి ఫలకం దానంతట అదే అతివేగంగా కొట్టుకోవడం. ఉదాహరణకు, ఫలకం మధ్యభాగం 5 మిల్లీమీటర్ల కంపన పరిమితితో సెకనుకు 30 సార్లు కొట్టుకుంటే, అక్కడి గరిష్ఠ త్వరణం (2π × 30)² × 0.005, అంటే సుమారు 178 మీ/సె². ఇది గురుత్వ త్వరణానికి 18 రెట్లు. వదులైన కీలు, ఆటగా ఉన్న పుష్‌రాడ్ ఫ్లట్టర్‌కు దారితీస్తాయి. ఫ్లట్టర్ మొదలైతే కీలు మరింత వదులవుతుంది.

5.3 కీళ్ళలో రకాలు

(అ) సి.ఏ. కీలు: నారతో కూడిన పలుచని రేకు. పలుచని సయనోఅక్రిలేట్ జిగురుతో అంటుకుంటుంది. చిన్న, మధ్యతరహా బాల్సా విమానాలకు అనువైనది.
(ఆ) పిన్ను కీలు: రెండు నైలాన్ రెక్కలను మధ్యలో లోహపు పిన్ను కలుపుతుంది. ఎపాక్సీతో అంటించాలి. పెద్ద విమానాలకు తగినది.
(ఇ) టేపు కీలు: ఫోమ్ విమానాల్లో వాడతారు. సాధారణ సయనోఅక్రిలేట్ థర్మోకోల్‌ను కరిగిస్తుందని మరవకండి.

5.4 సి.ఏ. కీలు అమర్చే విధానం

1. రెండు అంచుల మధ్యరేఖను గీసి, కీళ్ళ స్థానాలు గుర్తించండి. ఎలివేటర్ ఒక్కో సగానికి కనీసం మూడు కీళ్ళు ఉండటం మంచిది. వాటిలో ఒకటి హార్న్‌కు దగ్గరగా ఉండాలి.
2. క్రాఫ్ట్ నైఫ్‌తో గాడి కోయండి. గాడి మధ్యలో సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. జిగురు లోపలి కొసదాకా పోవడానికి ఇదే దారి.
3. కీలు నడుమ గుండుసూది గుచ్చి, సగం ఒక వైపు, సగం రెండో వైపు దూర్చండి. సూది లేకపోతే కీలు ఒకవైపుకే జారి, రెండో వైపు పట్టు తగ్గుతుంది.
4. సూది తీసి, ఫలకాన్ని దగ్గరకు జరపండి. సందు అర మిల్లీమీటరుకు మించకూడదు. ఫలకం పూర్తిగా రెండు వైపులా వంగుతున్నదో లేదో చూడండి.
5. ఫలకాన్ని వంచి పట్టుకుని, కీలు నడుమ పలుచని జిగురు ఐదారు చుక్కలు వేయండి. తిప్పి రెండో వైపు కూడా వేయండి.

ఇక్కడ పనిచేసే సూత్రం కేశనాళికీయత. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లే, నార వెంట జిగురు కర్రలోకి పాకుతుంది. అందుకే చిక్కని జిగురు పనికిరాదు. త్వరగా ఆరడానికి చల్లే యాక్సిలరేటర్ కూడా వాడకూడదు, ఎందుకంటే జిగురు లోపలికి చేరకముందే పైన గట్టిపడుతుంది. పైకి చూస్తే అతికినట్లే ఉంటుంది, లోపల మాత్రం పట్టు ఉండదు.

హెచ్చరిక: కళ్ళద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోట పనిచేయండి. ఈ జిగురును నూలుగుడ్డతో తుడవకండి; నూలుతో చర్య జరిపి చర్మం కాలేంత వేడి పుట్టించగలదు.

5.5 పిన్ను కీలు అమర్చే విధానం

ముందుగా పిన్ను దగ్గర మాత్రమే కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి. ఎపాక్సీ అక్కడికి చేరినా అంటుకోదు. జెల్లీ నైలాన్ రెక్కలకు తగలకూడదు. ఎపాక్సీని కీలుకే కాక గాడి లోపల కూడా పూయండి. రెక్కల్లోని రంధ్రాల గుండా అది పారి, గట్టిపడ్డాక మేకులా నిలుస్తుంది. అన్ని పిన్నులూ ఒకే సరళరేఖలో ఉండాలి. లేకపోతే ఫలకం బిగుసుకుని, సర్వో ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది.

జిగురు ఆరిన తరువాత కర్ర, కీలు రెక్క రెండింటి గుండా సన్నని రంధ్రం చేసి, టూత్‌పిక్ ముక్కను జిగురుతో దిగగొట్టి, పైకి వచ్చిన భాగాన్ని కోసేయండి. జిగురు పట్టు వదిలినా ఈ చీల కీలును ఆపుతుంది.

5.6 పరీక్ష

సి.ఏ. కీలుకు కనీసం పది నిమిషాలు, ఎపాక్సీకి దాని డబ్బాపై రాసినంత సమయం ఇవ్వండి. తరువాత స్థిర భాగాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒక్కొక్క కీలు దగ్గర ఫలకాన్ని గట్టిగా లాగండి. కదలిక గాని, కిర్రుమనే చప్పుడు గాని ఉంటే ఆ కీలును తీసి మార్చవలసిందే. విమానం పాడవుతుందని మెల్లగా లాగకండి. ఊడే కీలు మీ బల్లమీదే ఊడటం మంచిది. ఎగరడానికి వెళ్ళిన ప్రతి రోజూ, మొదటి ఎగురుడుకు ముందు, ఈ పరీక్ష మళ్ళీ చేయండి.

5.7 సారాంశం

కీలు తేలికగా తిరగాలి, ఊడి రాకూడదు. సి.ఏ. కీలులో పలుచని జిగురు లోపలికి పాకడం వల్ల, పిన్ను కీలులో ఎపాక్సీతో పాటు చీల వల్ల పట్టు ఏర్పడుతుంది. పట్టు ఉన్నదని కంటితో నిర్ధారించలేం. లాగి చూసే తెలుసుకోవాలి.

5.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సి.ఏ. కీలుకు యాక్సిలరేటర్ ఎందుకు వాడకూడదు?
2. పిన్ను కీలులో పెట్రోలియం జెల్లీ ఎక్కడ రాయాలి? మరోచోట రాస్తే ఏమవుతుంది?
3. విమానం వేగం రెట్టింపైతే గతిశక్తి ఎన్ని రెట్లవుతుంది? దీన్నిబట్టి వేగంగా ఎగిరే నమూనాల కీళ్ళ విషయంలో మీరు తీసుకునే జాగ్రత్తలు రాయండి.