పిల్లికి ముఖముంది, పనిమనిషికి లేదు
జంతువుల కార్టూన్లలో ఏ యాస ఎవరికి దక్కింది?

హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా ఆంధ్ర వైపు వచ్చే రైళ్ల దారిలో మొదట తగిలే స్టేషన్ టికియాపారా. కోల్‌కతాకు హుగ్లీ ఆవలి ఒడ్డున, రైల్వే యార్డు పక్కనే ఉన్న ఈ పేటలో హిందీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. డిస్నీ వారి 'ద జంగిల్ బుక్' (1967) పాత్రల పేర్లకు ఇక్కడి పిల్లలకు అర్థం చెప్పనక్కర్లేదు. భాలూ అంటే ఎలుగుబంటి, హాథీ అంటే ఏనుగు, షేర్ ఖాన్ పేరులోనే పులి ఉంది. అన్నీ ఇంటి మాటలే.

ఆంగ్ల మూలంలో మాత్రం ఆ నోళ్లలో ఇంటి మాట వినిపించదు. కథ జరిగేది మధ్య భారతపు అడవిలో. అయినా హాథీ బ్రిటిష్ కల్నల్‌లా కవాతు చేయిస్తూ తనకొచ్చిన విక్టోరియా క్రాస్ గురించి గొప్పలు పోతుంది. పులిది నటుడు జార్జ్ శాండర్స్ దొర గొంతు. ఇక కింగ్ లూయీ. ఒరాంగుటాన్ మన అడవుల జంతువే కాదు. కిప్లింగ్ పుస్తకంలో కోతులకు నాయకుడే లేడు. మనిషినైపోవాలని తహతహలాడే ఈ కోతి చేత జాజ్ పాడించారు. పాడిన లూయీ ప్రీమా ఇటలీ మూలాలున్న తెల్లవాడే. కానీ జాజ్ ఎవరి సంగీతమో అమెరికాలో అందరికీ తెలుసు. అంతకుముందు 'డంబో' (1941) కాకుల నాయకుడికి నిర్మాణ సమయంలో పెట్టిన పేరు జిమ్ క్రో. నల్లవారిని వేరుగా ఉంచిన చట్టాలకున్న పేరే అది. 2020లో డిస్నీ తన ఓటీటీలో ఈ రెండు చిత్రాలకూ హెచ్చరిక జోడించింది.

మాటలు తక్కువ కాబట్టి 'టామ్ అండ్ జెర్రీ' ఏ భాష ఇంట్లోనైనా ఆడుతుంది. అందులోనూ ఒక గొంతుంది. 1940 నాటి తొలి చిత్రం నుంచి 1952 దాకా చీపురు పట్టుకుని పిల్లిని తరిమిన నల్లజాతి స్త్రీది ఆ గొంతు. దాన్నిచ్చిన లిలియన్ రాండాల్ఫ్ కూడా నల్లజాతి నటే. తెర మీద కనిపించేది పాదాలు, మేజోళ్లు, గౌను అంచు. పిల్లికీ ఎలుకకూ కుక్కకూ ముఖాలున్న ఇంట్లో పనిచేసే మనిషికి ముఖం లేదు, ఒకచోట రెప్పపాటు తప్ప. తెల్లవారకముందే పాచిపనికి వెళ్లే తల్లులున్న ఏ బస్తీలోనైనా ఈ పాదాల్ని గుర్తుపడతారు.

నల్లజాతి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 1960లలో టీవీ కోసం ఆమెను చెరిపి, ఐరిష్ యాస మాట్లాడే తెల్ల స్త్రీని గీశారు. అవమానాన్ని తుడిచే పేరుతో మనిషినే తుడిచేశారు. నటి వూపీ గోల్డ్‌బర్గ్ 2005 నాటి డీవీడీ ముందుమాటలో దీనికి భిన్నంగా వాదించారు. దాచేస్తే ఆ వివక్ష జరగనే లేదన్నట్టవుతుందని ఆమె వాదన. ఆమె మాటే సబబు.

అమెరికాను నిందించి ఊరుకుందామా అంటే మన 'రోడ్‌సైడ్ రోమియో' (2008) ఉంది. యశ్‌రాజ్, డిస్నీ కలిసి తీసిన బొంబాయి కుక్కల కథ, జాతీయ అవార్డు కూడా పొందింది. కథానాయకుడు ధనికుల ఇంట పెరిగిన కుక్క, గొంతు సైఫ్ అలీ ఖాన్‌ది. వీధిని గుప్పిట్లో పెట్టుకున్న డాన్ పేరు చార్లీ అన్న. ఆ 'అన్న' ఏ దిక్కు నుంచి వచ్చిందో హిందీ ప్రేక్షకుడికి విడమరచాల్సిన పనిలేదు. తెలుగు పిల్లాడు మాత్రం ఆ మాటతో పిలిచేది తన తోడబుట్టినవాణ్ని.