అట్టముక్క మీద మగ్గం

పిల్లలూ! సెలవులు వచ్చాయంటే పెద్దవాళ్ళు మీకు అప్పగించే మొదటి పని ఏమిటి? "తమ్ముణ్ణి కాస్త చూసుకో" అనడమే గదా! వాడికి ఐదారేళ్ళు ఉంటాయి. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. గోడ మీద గీతలు గీస్తాడు, చీపురు పుల్లలు పీకుతాడు. అటువంటి వాడి చేతికి ఏం పని ఇవ్వాలి? చేతిపనుల సామాన్లు పెట్టెల్లో పెట్టి బజారులో అమ్ముతున్నారు. అయితే వాటిలో సగం పని కంపెనీవాళ్ళే చేసి పెడతారు. పిల్లవాడికి మిగిలేది అతికించడం ఒక్కటే! మనం మాత్రం ఖర్చు లేకుండా వాడికి నేత నేర్పుదాం.

మన వైపు పిల్లలకు నేత కొత్త సంగతేమీ కాదు. గద్వాల, రాజోలి, అమరచింత, కొత్తకోటలలో ఉన్నవాళ్ళకు మగ్గం చప్పుడు బాగా తెలుసు. నాగర్‌కర్నూలు వైపు వాళ్ళు వెదురుబద్దలతో బుట్టలు అల్లడం చూసే ఉంటారు. 2016లో జిల్లాలు నాలుగైనా, ఈ పనులు మాత్రం అన్ని చోట్లా ఉన్నాయి. చూసినంత మాత్రాన అందులోని కిటుకు తెలియదు. చేసి చూస్తేనే తెలుస్తుంది.

కావలసిన సామాను ఇంట్లోనే దొరుకుతుంది. పాత పెండ్లి పత్రికలు, నోటుపుస్తకాల అట్టలు, రెండు మూడు రంగుల ఊలు, ఒక పుల్లఐసు పుల్ల చాలు. ఊలు లేకపోతే పాత చీరను సన్నని పేలికలుగా చింపుకోండి. కత్తెర, బ్లేడు మీ చేతిలోనే ఉండాలి. తమ్ముడికి ఇవ్వకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చేతిపని అనగానే చాలామంది గింజలు ఏరుకొచ్చి దండలు గుచ్చుతారు. ఎర్రగా, నల్లటి చుక్కతో ముద్దుగా ఉండే గురివింద గింజలను మాత్రం ముట్టుకోవద్దు. వాటి లోపల ఏబ్రిన్ అనే విషం ఉంది. గింజపై పెంకు గట్టిది కాబట్టి లోపలి విషం బయటకు రాదు. కాని దండ గుచ్చడానికి సూదితో పొడిచామంటే ఆ పెంకుకు మనమే చిల్లు పెట్టినట్టు గదా! మన చేలల్లో పండే ఆముదపు గింజలలో కూడా ఇటువంటి విషమే ఉంది. దాని పేరు రిసిన్. శరీరంలోని కణాలు ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఈ రెండు విషాలూ అడ్డుకుంటాయి. సీతాఫలం గింజలను కూడా పగలగొట్టకూడదు. ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. మూడేళ్ళలోపు పిల్లలు ఇంట్లో ఉంటే ఏ గింజా వద్దు, గొంతులో ఇరుక్కుంటుంది.

ఇక పనిలోకి వద్దాం. బాగా చిన్న పిల్లలకైతే రెండు రంగుల కాగితపు పట్టీలతో చాప అల్లించండి. ఒక పట్టీ పైనుంచి, తరువాతి పట్టీ కిందినుంచి. రెండో వరుసలో దానికి తలకిందులు. అంతే. అరగంటలో వచ్చేస్తుంది.

దాని తరువాత మగ్గం. చేతి జానెడు పొడవున్న గట్టి అట్టముక్క తీసుకోండి. పైఅంచున అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున 12 గాట్లు, కిందిఅంచున వాటికి ఎదురుగా మరో 12 గాట్లు పెట్టండి. గట్టి దారాన్ని పైగాటు నుంచి కిందిగాటుకు, మళ్ళీ పైకి లాగుతూ 12 నిలువు పోగులు చుట్టండి. ఇది పడుగు. మరీ బిగించకండి, అట్ట విల్లులా వంగిపోతుంది. పుల్లఐసు పుల్లకు ఊలు కొస కట్టండి. అది మీ నాడె. దానితో అడ్డంగా నేసే పోగు పేక. ప్రతి వరుస నేశాక పాత దువ్వెనతో కిందికి నొక్కండి.

నాలుగు వేళ్ళ ఎత్తు నేశాక తమ్ముణ్ణి ఒక ప్రశ్న అడగండి. ఇందులో జిగురు లేదు, ముడి లేదు. మరి గుడ్డ ఎందుకు విడిపోవడం లేదు? వాడు చెప్పలేకపోతే ఒక పేక పోగు కొస పట్టుకుని లాగమనండి. దువ్వెనతో బాగా నొక్కిన చోట పోగు మొండికేస్తుంది. వదులుగా ఉన్న చోట సులువుగా వచ్చేస్తుంది. పడుగు, పేక కలిసిన ప్రతి చోటా పోగు వంగి, పక్క పోగును ఒరుసుకుంటుంది. అక్కడ ఘర్షణ పుడుతుంది. ఒక్కొక్క చోట పట్టు కొద్దిదే. కాని జానెడు గుడ్డలో అటువంటి చోట్లు వందలు! అన్నీ కలిస్తే గుడ్డ గట్టిపడుతుంది. దెబ్బలకు కట్టే గాజుగుడ్డలో పోగు తేలికగా ఊడిరావడానికి కారణం అక్కడ నేత పలచగా ఉండడమే.

ఇంతలో ఒక చిక్కు వస్తుంది. మీ గుడ్డ పైకి పోయేకొద్దీ నడుము దగ్గర సన్నబడుతుంది. అందరికీ ఇలాగే అవుతుంది. ఎందుకని? పేక పోగు గీసినట్టు తిన్నగా పోదు, పడుగు పైకీ కిందికీ అలలా పోతుంది. అలలా పోయే దారి తిన్నని దారి కంటే పొడవు. అందుచేత పోగు ఎక్కువ కావాలి. తక్కువ ఇస్తే అది రెండు అంచులనూ లోపలికి లాగుతుంది. కాబట్టి పేకను కొద్దిగా వంపుగా, కొండలా పరచి, తరువాత నొక్కండి. నేతగాళ్ళు ఈ చిక్కు రాకుండా, కొసలకు సూదులున్న కర్రను గుడ్డకు అడ్డంగా బిగించి పెట్టుకుంటారు. ఈసారి మగ్గం దగ్గరకు వెళ్ళినప్పుడు చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. గద్వాల చీరలో నడుమ భాగం నూలు, అంచులు పట్టు. రంగులు కూడా వేరు. ఒకే పేకను ఈ చివర నుంచి ఆ చివరకు నేస్తే ఏమవుతుంది? ఎర్రటి అంచు పడుగులో తెల్లటి నూలు పేక కలిసి, అంచు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అంచు నిండుగా మెరవాలంటే దాని పేక దానికే ఉండాలి. అందుకని మూడు నాడెలు వాడతారు. నడుమకు ఒకటి, రెండు అంచులకు రెండు. సరే, మరి నడుమనూ అంచునూ కలిపేది ఏమిటి?

మీ అట్ట మగ్గం మీదే తేల్చుకోవచ్చు. 12 పోగులలో ఎడమవైపు 6 ఎర్ర ఊలుకు, కుడివైపు 6 తెల్ల ఊలుకు ఇవ్వండి. ఎర్రది ఎడమ చివర పైనుంచి మొదలైతే, తెల్లది కుడి చివర కిందినుంచి మొదలుకావాలి. అప్పుడే నడుమ వరుస తప్పదు. రెండూ మధ్యకు వచ్చి, ఎవరి దారిన వారు వెనక్కు తిరిగిపోవాలి. ఇలా పది వరుసలు నేసి అట్టను కాస్త వంచండి. మధ్యలో నిలువునా చీలిక! ఆరో పోగును ఏడో పోగుతో కలిపేది ఏదీ లేదు మరి. టర్కీ దేశపు కిలిం తివాచీలలో ఇటువంటి చీలికలు ఉంటాయి. అక్కడ అది అందమే. కట్టుకునే చీరకు పనికిరాదు.

ఇప్పుడు పై పది వరుసలు మరో విధంగా నేయండి. ఎర్రది, తెల్లది మధ్యన కలిసిన ప్రతిసారీ ఒకదానినొకటి కొక్కెంలా మెలివేసుకుని, తరువాత వెనక్కు తిరగాలి. చీలిక ఏమైంది? ఎర్రది తెల్లవైపుకు పోలేదు, తెల్లది ఎర్రవైపుకు రాలేదు. అయినా రెండూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. గద్వాల అంచు రహస్యం ఇదే. దీన్ని కుప్పడం అంటారు. అంగడిలో కుట్టు అంచు అంటారు గాని, ఇందులో సూది పని ఏమీ లేదు. కాంచీపురం నేతగాళ్ళు కూడా ఇటువంటి అతుకే వేస్తారు. దానికి వాళ్ళ పేరు కోర్వై.

మీరు పది వరుసలకు ఎంతసేపు తీసుకున్నారో గడియారం చూసి రాసుకోండి. చీర పొడవు ఐదున్నర మీటర్లు. అంత పొడవునా, రెండు వైపులా ఈ మెలి వేసుకుంటూ పోవాలి. చీర ధర విని "అమ్మో, అంతనా!" అనేవాళ్ళకు ఈ లెక్క చూపించండి. ఇంట్లో గద్వాల చీర ఉంటే, అమ్మను అడిగి, చేతులు కడుక్కుని, అంచును తిరగేసి చూడండి. కుప్పడం అయితే నడుమ పేక అంచులోకి దాటి ఉండదు. దాటి ఉంటే, అది అంచు రంగు వేరుగా ఉన్న మామూలు నేత మాత్రమే.

ఒక్క మాట. తమ్ముడు నేసింది వంకరగా ఉంటుంది. బాగాలేదని మీరు విప్పి, మళ్ళీ మీరే నేసి పెట్టకండి! వాడికి ఇక ఆ అట్టముక్కతో పని ఉండదు.

చివరగా బుట్ట సంగతి. అట్టను గుండ్రంగా కత్తిరించి, చుట్టూ 8 గాట్లు లోపలికి పెట్టండి. రేకులు పైకి వంచి, ఒకే ఊలును ఒక రేకు ముందు, ఒక రేకు వెనుక చుట్టుకుంటూ పొండి. రెండో చుట్టులో ఊలు మొదటి దారిలోనే పోతుంది. అల్లిక పడదు. ఇంకొక అట్టకు 9 గాట్లు పెట్టి చూడండి. తొమ్మిదో రేకు ముందునుంచి వచ్చిన ఊలు మొదటి రేకు వెనుకకు పోతుంది. చుట్టు చుట్టుకూ దారి దానంతటదే మారుతుంది. ఒకే పోగుతో అల్లే బుట్టకు బేసి సంఖ్య ఎందుకు కావాలో తెలిసింది గదా!

మరి 8 రేకుల అట్టను పారవేయాలా? అక్కరలేదు. దానికి రెండు రంగుల ఊలు తీసుకోండి. ఒకటి మొదటి రేకు ముందునుంచి, రెండోది వెనుకనుంచి మొదలుపెట్టి, ఒకదాని వెంట ఒకటి చుట్టుకుంటూ పొండి. బుట్ట మీద చారలు అడ్డంగా వస్తాయో, నిలువుగా వస్తాయో ముందే తమ్ముడితో పందెం వేసుకుని, తరువాత అల్లి చూడండి.