ఘనగిరి గగనమహలు

ధర్మవరమునుండి హిందూపురమునకు రైలులో పోవువారికి నడుమ పెనుగొండ కనబడును. ఊరిని ఆనుకొని పెద్ద కొండ యొకటి నిలిచియున్నది. ‘పెను’ అనగా పెద్ద. ఆ కొండ పేరే ఊరికి వచ్చినది. సంస్కృతమున దీనిని ఘనగిరి యనిరి.

శత్రువు లెక్కుట కష్టమైన కొండ గనుక ఇది కోటకు తగిన చోటయ్యెను. బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడగు విరూపణ్ణకు ఒసగెనని 1354వ సంవత్సరపు శాసనమువలన తెలియుచున్నది. 1565లో తళ్ళికోట యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. ఆయన తమ్ముడగు తిరుమలరాయలు సదాశివరాయలను, ధనరాశులను వెంటగొని విజయనగరమును విడిచి వచ్చెను. అంతట పెనుగొండ రాజధాని యయ్యెను. కొంతకాలమునకు రాజధాని చంద్రగిరికి మారెను.

ఆనాటి రాజవైభవమునకు సాక్షిగా గగనమహలు నేటికిని నిలిచియున్నది. ఇది రెండంతస్తుల మేడ. గోడలకు సున్నపుగచ్చు పూసి, దానిపై అలంకారములు తీర్చిరి. ద్వారముల మీది కమానులు కొసదేఱి యున్నవి. ఇది సుల్తానుల కట్టడములలో కానవచ్చు పద్ధతి. పైనున్న శిఖరము మాత్రము అంతరువు లంతరువులుగా లేచి దేవాలయ విమానమును తలపించును.

సుల్తానులతో పోరాడిన రాజుల యింట సుల్తానుల కమానులు ఎట్లు వచ్చెను? యుద్ధమునకు ముందే విజయనగర శిల్పులు ఈ పద్ధతిని తమదిగా చేసికొనిరి. హంపీలోని కమలమహలు నందును ఇట్టి కలయికయే కలదు. రాజులకు వైరమున్నను, పనివారు మంచి పనితనమును ఎచ్చట చూచినను గ్రహించిరి.

ఊరిలోని తక్కిన కట్టడములును ఈ మాటనే బలపఱచును. రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే యున్నవి. మొదటిదాని గోడలపై రామాయణ కథలు, రెండవదానిపై శివలీలలు మలచబడినవి. పార్శ్వనాథుని గుడి జైనులకు పవిత్రము. బాబయ్య దర్గాకు హిందువులును, ముస్లిములును భక్తితో వత్తురు.

రాయి చిరకాలము నిలుచును. గచ్చు అట్లు కాదు. ఒక మేకుతో గోడపై పేరు గీచినచో, నాలుగువందల యేండ్ల నాటి పని క్షణములో చెడును. దానిని తీర్చిన చేయి మరల రాదు. కావున విద్యార్థులు ఇట్టి చోట్లకు పోయినపుడు కన్నులతో చూడవలెను. గోడను మాత్రము ముట్టరాదు. తమ తరువాత వచ్చువారికిని ఆ గోడ చెప్పవలసిన కథ యున్నది.